వరి ఊకతో టైరు సరే, రీసోల్ షాపు సంగతేంటి?

ఈ మధ్య టైర్ల కంపెనీలన్నిటికీ పర్యావరణం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. గుడ్‌ఇయర్ 2023 జనవరిలో 90 శాతం సుస్థిర పదార్థాలతో చేశామంటూ ఒక నమూనా టైరు చూపించింది. అదే ఏడాది కాంటినెంటల్ 65 శాతం దాకా అంటూ ఒకటి, పిరెల్లీ 55 శాతం దాటించామంటూ ఇంకొకటి తెచ్చాయి. మిషెలిన్ అయితే 2030కి 40 శాతం, 2050కి నూటికి నూరు అని ఎప్పుడో ప్రకటించి కూర్చుంది. సోయా నూనె, వరి ఊక బూడిద, తాగి పారేసిన నీళ్ల సీసాలు, పైన్ చెట్ల బంక, డాండిలియన్ వేళ్లలోంచి తీసిన రబ్బరు... ఆ పదార్థాల జాబితా చదువుతుంటే ఇంకొన్నాళ్లకు టైరుని వండుకుని తినేయొచ్చేమో అనిపిస్తుంది.

నా వాదన ముందే సూటిగా చెప్పేస్తాను. టైరులో ఏం కలిపారు అన్న ప్రశ్నకు కంపెనీలు ఇంత ఉత్సాహంగా జవాబు చెబుతున్నాయంటే, అది వాళ్లకు ఇబ్బంది లేని ప్రశ్న కాబట్టి. ఇబ్బంది పెట్టే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ టైరు ఎన్ని వేల కిలోమీటర్లు నడుస్తుంది? నడిచినంత కాలం బండితో ఎంత డీజిల్ తాగిస్తుంది? అరిగిపోయాక దాని మీదే మళ్లీ రబ్బరు వేయించుకుని, అంటే రీసోల్ చేయించుకుని, ఇంకొన్నేళ్లు తోలుకోవచ్చా? వీటికి మంచి జవాబులు దొరికితే పర్యావరణానికి నిజంగానే మేలు, కానీ కొత్త టైర్ల అమ్మకం తగ్గుతుంది. అందుకే ఆ జవాబులు హోర్డింగుల మీద కనపడవు.

ఆ శాతాల కథ చూడండి. సహజ రబ్బరు టైరులో మొదటి నుంచీ ఉంది. చెట్టు నుంచి వచ్చేది కాబట్టి అది తిన్నగా పునరుత్పాదక ఖాతాలోకి వెళ్లిపోతుంది. కారు టైరు బరువులో అది ఐదో వంతు దాకా ఉంటుంది, లారీ టైరులో మూడో వంతు. అంటే కంపెనీ కొత్తగా ఏ పుణ్యమూ కట్టుకోకపోయినా దాని లెక్క సున్నా దగ్గర కాదు, ఇరవై ముప్పై దగ్గర మొదలవుతుంది. ఈ కొలబద్దే పట్టుకుంటే వందేళ్ల కిందటి టైరు ఇప్పటి నమూనాలన్నిటినీ తలదన్నేస్తుంది. అప్పట్లో కృత్రిమ రబ్బరు లేదు, నైలాన్ లేదు. రబ్బరు చెట్టుది, లోపలి దారం పత్తిది. కాకపోతే ఆ టైరు కొన్ని వేల మైళ్లకే పీలికలయ్యేది, అది వేరే సంగతి. అసలు సంగతి కూడా అదే.

పోనీ చెట్టు రబ్బరంటే అంత పవిత్రమా? ఆగ్నేయాసియాలో 1993 నుంచి రబ్బరు తోటల కోసం 40 లక్షల హెక్టార్లకు పైగా అడవి పోయిందని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఉపగ్రహ చిత్రాల అధ్యయనం తేల్చింది. అడవి నరికి పండించిన సరుకు మాకొద్దంటూ ఐరోపా సమాఖ్య అదే ఏడాది చట్టం చేసి, రబ్బరునీ అందులో చేర్చి, ఆ తర్వాత అమలుని వాయిదాల మీద వాయిదాలు వేసుకుంటూ వస్తోంది. మన దేశం 2023-24లో వాడిన సహజ రబ్బరు 14 లక్షల టన్నుల పైచిలుకు, పండించింది ఎనిమిదిన్నర లక్షల టన్నులు. మిగతాది దిగుమతి. కేరళలో చెట్లు గీసి పాలు తీయడానికి కూలీ దొరక్క తోటలు వదిలేస్తుంటే, టైర్ల కంపెనీలు కలిసి డబ్బు పెట్టి ఈశాన్య రాష్ట్రాల్లో, బెంగాల్‌లో రెండు లక్షల హెక్టార్లలో కొత్తగా మొక్కలు నాటే పథకం నడుపుతున్నాయి. మొక్క పాలివ్వడానికి ఏడేళ్లు పడుతుంది. ఈలోపు టైరు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రం ఈ ఏడాదే పడుతుంది.

ఇంకో తిరకాసు ఉంది, దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. మాస్ బ్యాలెన్స్ అనే లెక్కల పద్ధతి. కెమికల్ ఫ్యాక్టరీలోకి పెట్రోలియం ముడిసరుకూ, మొక్కల నుంచి వచ్చిన ముడిసరుకూ కలిపే పోస్తారు. బయటకు వచ్చే రబ్బరులో ఏది ఎంతుందో ఎవరూ వేరు చేయలేరు. పుస్తకాల్లో మాత్రం మొక్కల వాటా మొత్తాన్ని ఒక రకం టైరుకి రాసేస్తారు. డెయిరీలో వంద లీటర్ల పాలలో పది లీటర్లు గేదె పాలు కలిపి, పది ప్యాకెట్ల మీద మాత్రం అచ్చ గేదె పాలు అని ముద్ర వేసి ఎక్కువ ధరకి అమ్మినట్టు. దీనికి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది, ఆడిట్ ఉంది, మోసం అనడానికి వీల్లేదు. కానీ 65 శాతం అని చదివి, నా కారు కింద తిరుగుతున్న ఆ నాలుగు చక్రాల్లో నిజంగా 65 శాతం ఉందనుకునే కస్టమర్ చెవిలో మాత్రం చిన్న పువ్వు పెట్టినట్టే.

ఇక అసలు విషయం. టైరు పుట్టినప్పటి నుంచి పోయేదాకా దానివల్ల వచ్చే కర్బన ఉద్గారాలు లెక్కవేస్తే సింహభాగం, కార్లలో మామూలుగా 80 శాతానికి పైనే, రోడ్డు మీద తిరిగేటప్పుడు వచ్చేవే. ఫ్యాక్టరీలో కాదు, రబ్బరు తోటలో కాదు. టైరు దొర్లేటప్పుడు ప్రతి చుట్టుకీ కొంచెం నొక్కుకుపోయి మళ్లీ పైకి లేస్తుంది, ఆ నొక్కుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. కంపెనీలే చెప్పే లెక్క ప్రకారం కార్లలో ఐదు ట్యాంకుల ఇంధనంలో ఒకటి, లారీల్లో మూడింటిలో ఒకటి ఇలా టైర్లకే ఖర్చు. అందుకే నా దృష్టిలో టైర్ల చరిత్రలో పర్యావరణానికి జరిగిన పెద్ద మేలు ఇప్పటి ఈ ఆకుపచ్చ ప్రచారం కాదు, 1992లో మిషెలిన్ ట్రెడ్ (రోడ్డుని తాకే గాట్ల పొర) రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే మసిపొడి బదులు సిలికా వాడి తెచ్చిన టైరు. తడి రోడ్డు మీద పట్టు పోకుండా దొర్లుడు నష్టాన్ని తగ్గించింది. ఆ తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. అప్పుడు ఎవరూ సోయాబీన్ బొమ్మ వేసి అమ్మలేదు.

మన దగ్గర దీనికి నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం ఈ మూడింటికీ హద్దులు పెడుతూ కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్రిజ్‌కీ ఏసీకీ ఉన్నట్టే టైర్లకీ కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ స్టార్ లేబుల్ వచ్చింది, స్వచ్ఛందం అన్నారు. మీరు మొన్న టైర్లు మార్పించినప్పుడు షాపులో ఆయన మీకు స్టార్ లేబుల్ చూపించాడా? చూపించడు, మనం అడగం. మనం అడిగేవి రెండే, రేటెంత, ఎక్స్చేంజికి ఎంతిస్తారు. ఏసీ కొనేటప్పుడు ఫైవ్ స్టారా త్రీ స్టారా అని పదిసార్లు అడిగే మనిషి, అయిదేళ్ల పాటు పెట్రోలు తాగించే వస్తువు దగ్గర నోరు మెదపడు.

అంతకంటే చవకైన పని ఇంకోటుంది, గాలి. డ్రైవర్ డోరు తీస్తే పక్కనే స్టిక్కరుంటుంది, ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత, బండి నిండా మనుషులుంటే ఎంత అని. దాన్ని చూసి గాలి కొట్టించేవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎంతమంది? బంకుకి వెళ్తాం, గాలి కుర్రాడు ఏ బండి వచ్చినా 35 పెట్టేస్తాడు, లేదా మిషన్ పనిచేయడం లేదని అట్టముక్క తగిలించి ఉంటుంది. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నొక్కుకుపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంచులు ముందే అరుగుతాయి, ఎండాకాలం హైవే మీద పేలే ప్రమాదమూ ఎక్కువే. పైసా ఖర్చు లేని ఈ పని చేయకుండా వరి ఊక టైరు కొనుక్కుని భూమిని కాపాడుతున్నామనుకోవడం పైన పటారం లోన లొటారం.

అరుగుదల గురించి కూడా చెప్పాలి. కొత్త కారు టైరు మీద గాట్లు దాదాపు 8 మిల్లీమీటర్ల లోతుంటాయి, 1.6కి వస్తే మార్చాలి. మధ్యలో ఒక్కో టైరు నుంచి కిలో, కిలోన్నర రబ్బరు మాయమవుతుంది. ఎక్కడికి పోయింది? రోడ్డు మీద దుమ్ముగా, వానొస్తే కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఇలా ఏటా దాదాపు 60 లక్షల టన్నుల పొడి రాలుతోంది. అమెరికాలో మనిషికి 4.7 కిలోలు, మన దేశంలో 0.23 కిలో. ఈ పొడి ఏం చేస్తుందో అమెరికా పశ్చిమ తీరంలో చేపలు చెప్పాయి. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడ్డాక కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే గంటల్లో చచ్చిపోతుంటే ఎందుకో అంతుపట్టక ఏళ్ల తరబడి వెతికిన శాస్త్రవేత్తలు, 2020 డిసెంబరులో కారణం బయటపెట్టారు. టైరు ఎండకీ గాలికీ పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి మారిన రూపం అది. ఇప్పుడు చెప్పండి, టైరులో నూనె సోయాదైతేనేం, పెట్రోలియందైతేనేం? 6పీపీడీ మానుకుంటే టైరు పగిలిపోతుంది, దానికి బదులు దొరకక పరిశ్రమ తలపట్టుకుంటోంది. ఐరోపా యూరో 7 అనే వాహన కాలుష్య నిబంధనల్లో మొట్టమొదటిసారి టైరు ఎంత అరగొచ్చో హద్దు పెట్టబోతోంది. నన్నడిగితే లేబుల్ మీద ఉండాల్సిన మొదటి అంకె అది.

పైగా మనం కొంటున్న బండ్లు చూడండి. ఒకప్పుడు 12 అంగుళాల చక్రం మీద నలుగురం తిరుపతి వెళ్లొచ్చాం. ఇప్పుడు కాలేజీకి ఒక్క పిల్లాణ్ని దింపి రావడానికి 18 అంగుళాల చక్రాలున్న ఎస్‌యూవీ కావాలి. బ్యాటరీ బండ్లయితే ఇంకా బరువు, పైగా తొక్కగానే ఎగిరి దూకే టార్క్. బరువు పెరిగితే అరుగుదల పెరుగుతుంది. కిందేమో పర్యావరణహిత టైరు, దాని మీద రెండు టన్నుల ఇనుము.

వరి ఊక విషయంలో మాత్రం నాకూ ఉత్సాహమే, దాచను. సిలికా మామూలుగా ఇసుక నుంచి చేస్తారు. ఇసుకనీ సోడా యాష్‌నీ కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి కరిగించాలి, బోలెడంత ఇంధనం కావాలి. ఊక కాల్చిన బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికానే, అదీ కాస్టిక్ సోడాలో తక్కువ వేడికే కరిగే రూపంలో. ఇప్పుడు మన లెక్క వేసుకోండి. టన్ను ధాన్యం మరపడితే రెండు వందల కిలోల ఊక. దాన్ని కాల్చితే నలభై కిలోల బూడిద. తెలంగాణలో ఏటా వడ్ల దిగుబడి రెండు కోట్ల టన్నులు దాటింది, అంటే ఊక మొత్తం కాల్చితే ఎనిమిది లక్షల టన్నుల బూడిద! మిర్యాలగూడ వైపు, గోదావరి జిల్లాల్లో రైసుమిల్లుల పక్కన ఇళ్లున్నవాళ్లని అడగండి బూడిదంటే ఏమిటో. ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల బిందెల మీద, కళ్లలో. బాయిలర్ బూడిదని ఇటుక బట్టీలకి ఇచ్చేది పోను మిగిలింది ఊరి బయట గుట్టలే. మరోవైపు సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, సత్యవేడు దగ్గర చినపాండూరులో అపోలో, అచ్యుతాపురంలో యోకొహామా వాళ్లవి టైర్ల ఫ్యాక్టరీలున్నాయి. మధ్యలో ఒక్క మెట్టు కావాలి, ఆ బూడిదని టైరుకి పనికొచ్చే సిలికాగా మార్చే ప్లాంట్లు. ఊక మండించే తీరు కూడా మారాలి, ఇష్టమొచ్చినట్టు మండిస్తే సిలికా గట్టిపడి పనికిరాకుండా పోతుంది. పెట్టుబడుల సదస్సుల్లో డేటా సెంటర్ల కోసం పడే తాపత్రయంలో పదో వంతు దీని మీద పెడితే బాగుండు.

సరే, ఇంత చెప్పినా ఊక సిలికా కూడా కొత్త టైరు గురించిన మాటే. నాకు అసలు చెప్పాలని ఉన్నది పాత టైరు గురించి.

ఆర్టీసీకి సొంతంగా రీట్రెడింగ్, అంటే రీసోల్, షాపులున్నాయని ఎంతమందికి తెలుసు? రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 20 వేల బస్సులు, ఒక్కో బస్సుకి ఆరు టైర్లు, స్టెప్నీ వేరే. ప్రతి టైరుకీ ఒక నంబరుంటుంది, ఏ బస్సుకి ఎప్పుడు బిగించారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు విప్పారు అన్నీ రాసి పెడతారు. కొత్త టైరు ముందు చక్రాలకి. అది అరిగాక రీసోల్ చేసి వెనక చక్రాలకి. మళ్లీ అరిగితే మళ్లీ రీసోల్. కేసింగ్, అంటే ట్రెడ్ కింద ఉండే టైరు ఒళ్లు, బాగున్నంత కాలం ఆ టైరు బతికే ఉంటుంది. పని చూడముచ్చటగా ఉంటుంది. టైరుని లైటు కింద మెల్లగా తిప్పుతూ లోపలా బయటా చేత్తో తడిమి మేకులు, కోతలు వెతుకుతారు. బఫింగ్ మిషన్‌కి పెడితే పాత ట్రెడ్ నల్లటి పొట్టుగా రాలి కుప్ప పడుతుంది. దెబ్బ తిన్నచోట గీకి శుభ్రం చేసి ప్యాచ్ వేస్తారు. సొల్యూషన్ పూసి, కుషన్ గమ్ పరిచి, ముందే ఉడికించి గాట్లు పోసిన ట్రెడ్ పట్టీని చుట్టి, పైన ఎన్వలప్ తొడిగి చాంబర్లోకి తోస్తారు. కొన్ని గంటలు వేడిలో ఉడికి బయటకు వచ్చేసరికి పాత కేసింగ్, కొత్త ట్రెడ్ ఒకటైపోయి ఉంటాయి.

ఇందులో టైరు పదార్థంలో 70 శాతం దాకా, అంటే ఉక్కు తీగలు, లోపలి పొరలు, పక్క గోడలు, ఉన్నవి ఉన్నట్టే మళ్లీ వాడకంలోకి వస్తాయి. కొత్త లారీ టైరుకి ముడిసరుకుగానూ ఇంధనంగానూ దాదాపు 83 లీటర్ల చమురు పడుతుందనీ, రీసోల్‌కి 26 లీటర్లు చాలనీ పరిశ్రమలో ఏళ్లుగా చెప్పుకునే లెక్క. ఖర్చు కొత్త టైరులో మూడో వంతుకి అటూ ఇటూ. మీరు విమానం ఎక్కినప్పుడు గంటకి రెండు వందల యాభై కిలోమీటర్ల వేగంతో రన్‌వేని తాకే ఆ చక్రాల మీదున్నది చాలాసార్లు రీట్రెడ్ చేసిన టైరే. ఏ కంపెనీ చూపించిన నమూనా టైరైనా ఇంత నమ్మకంగా, ఇంత చవకగా వచ్చిందా?

మరి ఈ రీసోల్ షాపుకి మనం ఇచ్చిన బహుమానం ఏమిటి? ముందు చైనా లారీ టైర్లు వచ్చిపడ్డాయి. రీసోల్ ఖరీదుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంటే షాపుకి ఎవరు వెళ్తారు? అవి ఒకసారి అరిగాక రీసోల్‌కి పనికొచ్చేవి కూడా తక్కువే. 2017లో వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం వేశారు, 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు, అప్పటికి చాలా షాపుల షట్టర్లు దిగిపోయాయి. తర్వాత జీఎస్టీ. మొదట కొత్త టైరుకీ, రీట్రెడ్ టైరుకీ ఒకటే 28 శాతం. 2018 డిసెంబరులో రీట్రెడ్‌ది 18కి దించారు, పది శాతం తేడా దక్కింది, ఏదో ఊపిరి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త టైర్లనూ 28 నుంచి 18కి దించారు. వినియోగదారుడికి పండగ అన్నారు, పేపర్లలో పెద్ద ప్రకటనలు వచ్చాయి. రీసోల్ షాపుకి ఉన్న ఆ పది శాతం ఆసరా ఆ రోజుతో పోయింది. దాని గురించి ఒక్క లైను కూడా నాకు కనపడలేదు. ఒకపక్క పర్యావరణహిత టైర్లంటూ సదస్సులు, ఇంకోపక్క ఉన్న పర్యావరణహిత టైరు నడ్డి విరగ్గొట్టడం.

కాదనేవాళ్ల మాట కూడా వినాలి కదా. రీసోల్ టైర్లు హైవే మీద ఊడిపోతాయి, ప్రమాదం అంటారు. నాసిరకం షాపులు లేవని నేననను. కానీ అమెరికాలో హైవేల మీద పడి ఉన్న టైరు ముక్కలు ఏరి పరీక్షించినప్పుడు వాటిలో కొత్తవీ, రీట్రెడ్‌వీ అవి వాడకంలో ఉన్న నిష్పత్తిలోనే తేలాయి. చాలావాటికి కారణం రాళ్లూ మేకులూ, గాలి తక్కువ, బరువు ఎక్కువ. రెండో అభ్యంతరం, కార్ల టైర్లు మన దగ్గర ఎవరూ రీసోల్ చేయరు కదా అని. నిజమే, కారు కేసింగ్ పల్చన, కొత్తది చవక, గిట్టుబాటు కాదు. అందుకే కార్లకి నేనడిగేది ఎక్కువ నడిచే టైరు, తేలికైన బండి, సరైన గాలి. కొత్త పదార్థాల పరిశోధన ఖరీదైన టైర్లతోనే మొదలవుతుంది, తర్వాత అందరికీ చేరుతుంది అన్న వాదనలోనూ కొంత నిజముంది, సిలికా కథే సాక్ష్యం. కానీ చేరేదాకా ఉన్నదాన్ని చంపుకోమని ఎవరు చెప్పారు?

చచ్చిన టైరు కథ ఇంకా ఘోరం. నగరాల శివార్లలో పైరాలిసిస్ యూనిట్లుంటాయి. టైర్లని గాలి చొరబడని డ్రమ్ములో వేసి నాలుగైదు వందల డిగ్రీలకు వేడి చేస్తే నల్లటి నూనె, మసిపొడి, ఇనప తీగ వస్తాయి. నూనె కొలిముల్లోకి ఇంధనంగా పోతుంది. సరిగ్గా నడిపితే ఇదీ ఒక టెక్నాలజీయే, కానీ రాత్రిపూట డ్రమ్ము తెరిచేచోట మసి కొట్టుకుని నిలబడే కూలీల్ని చూస్తే టెక్నాలజీ అన్న మాట నోటికి రాదు. 2025 జనవరిలో మహారాష్ట్రలోని వాడాలో ఇలాంటి యూనిట్ పేలి ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. రీసైక్లింగ్ పేరుతో బ్రిటన్ నుంచి వచ్చే పాత టైర్లు ఇక్కడ ఇలాంటి చోట్ల కాలిపోతున్నాయని ఆ మార్చిలో బీబీసీ బయటపెట్టింది. నూనె తీయడానికి పాత టైర్లు దిగుమతి చేసుకోకూడదని 2022 జులైలోనే మన నిబంధన ఉంది! ఐరోపాలో టైరు ఆకుపచ్చ, మన ఊరి శివారులో పొగ నలుపు.

ఆ 2022 నిబంధనల్లోనే ఇంకో వింత. టైరు తయారుచేసిన కంపెనీయే పాత టైర్ల బాధ్యత తీసుకోవాలన్నారు, అంతే బరువుకి రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కొనాలన్నారు, మొదటి ఏడాది 35 శాతం, తర్వాత 70, ఆ తర్వాత 100. మంచిదే. పైరాలిసిస్ నూనె తీసినా సర్టిఫికెట్ వస్తుంది. రీట్రెడ్ చేస్తే? బాధ్యత ఒక ఏడాది వాయిదా, అంతే. టైరు ఇంకా చావలేదు కాబట్టి బాధ్యత తీరలేదన్నది కాగితం మీద సరైన తర్కమే. కానీ కంపెనీ వైపు నుంచి చూడండి. టైరుని కాల్చేస్తే లెక్క తీరిపోతుంది, బతికిస్తే లెక్క నెత్తి మీదే ఉంటుంది. ఎటు మొగ్గుతుంది?

ఇది టైర్లతో ఆగే విషయం కాదు, నా అసలు బాధ కూడా ఇక్కడే. మనది బాగుచేసుకుని వాడుకునే సమాజం. మిక్సీ మోటారు కాలితే వైండింగ్ చేయించాం, చెప్పు తెగితే కుట్టించాం, గొడుగు ఊచ విరిగితే వీధిలో కేకేసుకుంటూ వచ్చే మనిషి చేత వేయించాం, బిందెకి చిల్లు పడితే మాట్లు వేయించాం. ఎవరూ అప్పుడు దాన్ని సుస్థిరత అనలేదు, డబ్బుల్లేక చేశాం అనుకోండి, చేశాం. ఇప్పుడు ఆ పనులు చేసే మనుషులు ఒక్కొక్కరూ వీధి నుంచి మాయమయ్యారు, వాళ్ల పిల్లలు డెలివరీ బ్యాగులు తగిలించుకున్నారు, ఫోను బ్యాటరీ మార్చమంటే సర్వీస్ సెంటర్ వాడు కొత్త ఫోను మీద ఆఫరు చదువుతాడు. సరిగ్గా ఇదే సమయంలో అవతలి దేశాలు అటు నుంచి ఇటు నడుస్తున్నాయి. స్వీడన్ 2017లో సైకిళ్లు, చెప్పులు, బట్టల రిపేరు మీద పన్ను 25 నుంచి 12 శాతానికి దించింది. ఫ్రాన్స్ 2021 నుంచి కొన్ని రకాల ఎలక్ట్రానిక్ వస్తువుల మీద బాగుచేయడం ఎంత తేలికో మార్కులు వేసి చూపించమంది. మన కేంద్రం కూడా 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ పెట్టడం మనకి బాగా వచ్చు. పన్ను దగ్గరికొచ్చేసరికి కొత్తది కొన్నా 18, పాతది బాగుచేయించుకున్నా 18.

పోనీ రీసోల్ షాపు వాళ్లకి ఏం కావాలి? సబ్సిడీ అక్కర్లేదు, బ్రాండ్ అంబాసిడర్ అక్కర్లేదు. రీట్రెడ్ టైర్ల మీద, రీట్రెడింగ్ పని మీద జీఎస్టీ 5 శాతానికి దించాలి. పాత టైర్ల నిబంధనల్లో ఒక టైరుని రెండోసారి, మూడోసారి బతికించినందుకు కంపెనీకి వాయిదా కాకుండా మార్కులు ఇవ్వాలి. నాసి షాపుల్ని ఏరేయడానికి నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ తనిఖీలు గట్టిగా జరగాలి. కొత్త లారీ టైరు మీద అది ఎన్నిసార్లు రీసోల్‌కి ఆగుతుందో కంపెనీ రాసివ్వాలి, కారు టైరు మీద స్టార్ లేబుల్ తప్పనిసరి చేసి ఎంత అరుగుతుందో కూడా అందులో చేర్చాలి. ఇందులో మొదటిది జీఎస్టీ మండలిలో తేలాల్సిన విషయం. ఆ బల్ల దగ్గర మన రెండు రాష్ట్రాలకీ చెరో కుర్చీ ఉంది, రెండు రాష్ట్రాలకీ చెరో ఆర్టీసీ ఉంది. కొత్త టైరు కొంటే ఎంత, రీసోల్ వేస్తే ఎంత, ఒక్కో టైరు మొత్తం ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ఆ డిపోల రికార్డుల్లోనే ఉంది, తెప్పించి మంత్రుల ఫైల్లో పెట్టడానికి ఒక్క వారం చాలు.